డెస్క్‌టాప్ రాకముందు తెరమీద రాసేది ఎవరు?

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో సొంతంగా ఓ చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాద్దామని కూర్చునే కుర్రాళ్ళు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. పాత ట్యుటోరియల్ చూసి, హెక్సాలో బీ8000 అనే మెమరీ చిరునామాలో ఒక అక్షరం రాస్తారు. క్యూఈఎంయూలో, అంటే కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ఎమ్యులేటర్‌లో, అది చక్కగా కనబడుతుంది. అదే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి కొత్త ల్యాప్‌టాప్‌కి పెడితే తెరంతా నలుపు. కోడ్‌లో తప్పేమీ ఉండదు. ఆ చిరునామాలో రాసినదాన్ని చదివి తెరమీద వేసే హార్డ్‌వేర్ మోడ్ ఆ ల్యాప్‌టాప్‌లో నడవడం లేదు, అంతే.

పాత వీజీఏ గ్రాఫిక్స్ కార్డుల టెక్స్ట్ మోడ్‌లో తెర అంటే 80 నిలువులు, 25 వరసలు. ఒక్కో గడికి 2 బైట్లు: ఒకటి అక్షరానికి, ఒకటి రంగుకి. మొత్తం 4000 బైట్లు. అక్షరం ఆకారాన్ని గీసే పని కార్డుదే. పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) యూఈఎఫ్ఐ. అది మాత్రమే ఉన్న మెషీన్లలో తెర మొదటినుంచీ గ్రాఫిక్స్ మోడ్‌లోనే ఉంటుంది. ‘అ’ కావాలన్నా, చుక్క కావాలన్నా, ప్రతి పిక్సెల్‌నూ మనమే నింపాలి. ఆ పని చేసే కోడే గ్రాఫిక్స్ కన్సోల్ డ్రైవర్. డెస్క్‌టాప్ ఇంకా రానప్పుడు, వచ్చి కూలిపోయినప్పుడు, కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, చివరి మాట చెప్పాల్సి వచ్చినప్పుడు తెరమీద కనబడేది దీని చేతిరాతే.

ఈ విషయం చిక్కుముడిలా కనబడటానికి కారణం, ఇందులో మూడు వేరువేరు పనులు కలిసిపోయి ఉండటం. పిక్సెళ్ళు మెమరీలో ఎక్కడ, ఎలా పేర్చి ఉన్నాయో తెలుసుకోవడం ఒకటి. ఏ గడిలో ఏ అక్షరం ఉందో గుర్తుంచుకుని దాన్ని బొమ్మగా మార్చడం రెండోది. ఈ క్షణంలో తెర ఎవరి అధీనంలో ఉందో తేల్చడం మూడోది. మూడింటినీ ఒకే ఫైల్లో కుక్కేసిన డ్రైవర్ మొదటి మెషీన్ మీద పనిచేస్తుంది, రెండో మెషీన్ మీద చేతులెత్తేస్తుంది.

ఫర్మ్‌వేర్ అప్పజెప్పి వెళ్ళే వివరాలు

యూఈఎఫ్ఐలో జీఓపీ, అంటే గ్రాఫిక్స్ ఔట్‌పుట్ ప్రోటోకాల్, అనే ఇంటర్‌ఫేస్ ఉంటుంది. కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కించే బూట్‌లోడర్ దాన్ని అడిగి ఫ్రేమ్‌బఫర్ (తెరమీది పిక్సెళ్ళు ఉండే మెమరీ) భౌతిక చిరునామా, దాని సైజు, తెర వెడల్పు, ఎత్తు, ఒక్కో స్కాన్‌లైన్‌లో ఎన్ని పిక్సెళ్ళు, పిక్సెల్‌లో రంగుల వరస రాసుకుని కెర్నెల్‌కి ఇవ్వాలి. ఫర్మ్‌వేర్ బూట్ సేవలను ముగించే ఎగ్జిట్‌బూట్‌సర్వీసెస్ అన్న పిలుపు దాటాక జీఓపీని మళ్ళీ పిలవలేం. రెజల్యూషన్ మార్చుకోవాలంటే అంతకుముందే మార్చుకోవాలి. ఫ్రేమ్‌బఫర్ మెమరీ మాత్రం ఆ తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటుంది. మన ఆధారమంతా దానిమీదే.

రంగుల వరసను ఊహించుకోకూడదు. పీసీల్లో ఎక్కువగా కనిపించేది నీలం, ఆకుపచ్చ, ఎరుపు, ఆ తర్వాత ఒక ఖాళీ బైటు. ఎరుపు ముందుండే అమరిక కూడా స్పెసిఫికేషన్‌లో ఉంది. ఎర్రగా రావాల్సిన ఎర్రర్ సందేశం నీలంగా వచ్చిందంటే ఇదే కారణం. బ్లిట్-ఓన్లీ అనే ఇంకో రకం మరీ ఇబ్బంది: అందులో నేరుగా రాసుకునే ఫ్రేమ్‌బఫరే ఉండదు. అలాంటి మోడ్ వస్తే బూట్‌లోడర్ దశలోనే వేరే మోడ్ వెతకాలి.

చిరునామాను 32 బిట్ల వేరియబుల్‌లో దాచడం ఇంకో పొరపాటు. నేటి మెషీన్లలో ఫ్రేమ్‌బఫర్ 4 జీబీ హద్దుకి పైన ఉండొచ్చు. లినక్స్‌లోనూ మొదట్లో ఉన్న 32 బిట్ల ఫీల్డ్ చాలక, పై సగానికి వేరే ఫీల్డ్ చేర్చాల్సి వచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినే తప్పు పేజీ టేబుళ్ళ దగ్గర జరుగుతుంది. కెర్నెల్ తన సొంత పేజీ టేబుళ్ళకు (ఏ చిరునామా ఏ మెమరీకి చెందుతుందో చెప్పే పట్టికలు) మారిన క్షణాన ఫ్రేమ్‌బఫర్‌ను మ్యాప్ చేయడం మరిచిపోతే తర్వాతి అక్షరానికే పేజ్ ఫాల్ట్, అంటే పట్టికలో లేని చిరునామాను తాకిన లోపం, వస్తుంది. ఆ ఫాల్ట్ హ్యాండ్లర్ ‘పేజ్ ఫాల్ట్’ అని తెరమీద రాయబోతుంది. రాయబోతే మళ్ళీ ఫాల్ట్. చివరికి ట్రిపుల్ ఫాల్ట్ అయి మెషీన్ రీబూట్ అవుతుంది. బయటినుంచి చూసేవాళ్ళకి పెన్‌డ్రైవ్ పాడైనట్టు అనిపిస్తుంది. అందుకే తెర డ్రైవర్‌కన్నా ముందు, సందేశాలను కేబుల్ మీద ఇంకో కంప్యూటర్‌కి పంపే సీరియల్ పోర్ట్ డ్రైవర్ రాయాలి. హెక్సాలో 3ఎఫ్8 పోర్టు, 115200 వేగం, పట్టుమని 30 పంక్తుల కోడ్. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో కామ్ అని రాసి ఉన్న పిన్‌ల వరస చాలావాటికి ఉంటుంది. దానికి బ్రాకెట్, యూఎస్‌బీ నుంచి ఆర్ఎస్-232కి (సీరియల్ పోర్టు ప్రమాణం) మార్చే కేబుల్, 2, 3 పిన్‌లు తారుమారు చేసే నల్-మోడెమ్ కేబుల్ చాలు. దుకాణంలో అడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆర్డుయినో పనులకు అమ్మే 3.3 వోల్టుల టీటీఎల్ కన్వర్టర్ చూడటానికి అలాగే ఉంటుంది. ఆర్ఎస్-232 లైను ప్లస్, మైనస్ 12 వోల్టుల దాకా ఊగుతుంది. దానికి తగిలిస్తే కన్వర్టర్ కాలిపోతుంది.

ఇక స్ట్రైడ్. తెరమీద ఒక లైన్ మొదలు నుంచి తర్వాతి లైన్ మొదలుకు మెమరీలో ఎంత దూరమో అదే స్ట్రైడ్. అది తెర వెడల్పుతో సమానం కానక్కర్లేదు. నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. గుంట వెడల్పు 100 అడుగులైనా మధ్యలో 10 అడుగుల గట్టు ఉంటే, పక్క గుంటలో దిగడానికి 110 అడుగులు నడవాలి. డీటీపీ సెంటర్లలో, ఆఫీసుల్లో ఇంకా కనబడే 18.5 అంగుళాల మానిటర్ల రెజల్యూషన్ 1366×768. పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున ఒక లైను 5464 బైట్లు. ఇది 64తో నిశ్శేషంగా భాగించబడదు. హార్డ్‌వేర్‌కు 64 బైట్ల సరిహద్దు కావాలంటే లైను 5504 బైట్లవుతుంది, అంటే 1376 పిక్సెళ్ళు. మనం 1366 అనుకుని రాస్తే ప్రతి లైనూ పైదానికన్నా 10 పిక్సెళ్ళు ఎడమకి జరుగుతుంది. 16 లైన్ల ఎత్తున్న అక్షరం అడుగుకి వచ్చేసరికి 150 పిక్సెళ్ళు వాలిపోయి గీతల గుంపులా ఉంటుంది. 1024×768 మోడ్‌లో స్ట్రైడ్, వెడల్పు సాధారణంగా ఒకటే కాబట్టి క్యూఈఎంయూలో ఈ తప్పు బయటపడదు. సూత్రం ఒక్కటే: లైను నంబరును స్ట్రైడ్ బైట్లతో గుణించి, నిలువు నంబరును 4తో గుణించి, రెండూ కలపాలి. వెడల్పు అన్న వేరియబుల్ ఈ లెక్కలో ఎక్కడ కనబడినా అది బగ్గే.

గడులే అసలు నిజం

ఫాంట్ సంగతి తేలిక. కన్సోల్ ఫాంట్ ఫార్మాటైన పీఎస్ఎఫ్2 ఫైలుకి 32 బైట్ల హెడర్, దాని వెనక వరసగా గ్లిఫ్‌లు, అంటే అక్షరాల బొమ్మలు. 8×16 ఫాంట్‌లో ఒక గ్లిఫ్ 16 బైట్లు. 256 గ్లిఫ్‌లు కలిపి 4096 బైట్లు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: 10 లేదా 12 పిక్సెళ్ళ వెడల్పున్న ఫాంట్‌లో ఒక్కో లైనుకు 2 బైట్లు పడతాయి, కాబట్టి వెడల్పును 8తో భాగించి పైకి సవరించాలి. 4కే తెరమీద 8×16 ఫాంట్ పెడితే 480 నిలువులు, 135 వరసలు వస్తాయి కానీ చదవడానికి భూతద్దం కావాలి. లినక్స్ 5.0లో 16×32 సైజు టెర్మినస్ ఫాంట్‌ను కెర్నెల్‌లోనే చేర్చింది ఇందుకే.

వేగం దగ్గరకొస్తే విషయం వేరు. 1920×1080 తెరకి 82,94,400 బైట్ల ఫ్రేమ్‌బఫర్ ఉంటుంది. 16 పిక్సెళ్ళ ఎత్తు ఫాంట్‌తో 67 వరసలు, 240 నిలువులు. (అడుగున 8 లైన్లు మిగులుతాయి, మొదట్లోనే వాటిని నల్లగా తుడవకపోతే ఫర్మ్‌వేర్ గీసినదాని ముక్క ఏదైనా అక్కడే ఉండిపోతుంది.) స్క్రోల్ చేయడానికి ఎవరికైనా మొదట తోచే పద్ధతి, 66 వరసల పిక్సెళ్ళను పైకి కాపీ చేయడం. అంటే ఒక్క కొత్త లైనుకి 81 లక్షల బైట్లు చదివి, అంతే రాయడం. బూట్ లాగ్‌లో 1000 లైన్లొస్తే 8 జీబీకి పైగా చదవాలి, అంతే రాయాలి. అసలు నష్టం ఆ చదవడంలో ఉంది. ఫ్రేమ్‌బఫర్‌ను కాష్ లేకుండా మ్యాప్ చేస్తారు. అక్కడినుంచి చదివే ప్రతి మాటూ పీసీఐ బస్సు దాటి వెళ్ళి రావాలి. రాయడాన్ని రైట్-కంబైనింగ్‌తో వేగవంతం చేయొచ్చు. ఎక్స్86లో పీఏటీ (ఏ పేజీని ఎలా కాష్ చేయాలో చెప్పే పట్టిక) ద్వారా ఆ పేజీలకు ఆ గుణం ఇస్తే చిన్న చిన్న రాతలు 64 బైట్ల మూటలుగా వెళ్తాయి. చదవడానికి అంత తేలికైన చిట్కా లేదు. కాబట్టి నియమం: ఫ్రేమ్‌బఫర్‌లోకి రాయడమే, దానినుంచి చదవడం ఎన్నడూ కూడదు.

అలాంటప్పుడు తెరమీద ఏముందో ఎలా తెలుస్తుంది? మామూలు ర్యామ్‌లో గడుల పట్టిక పెట్టుకోవాలి. 240×67 అంటే 16,080 గడులు. ఒక్కోదానికి యూనికోడ్ విలువ, రంగులు కలిపి 4 బైట్లనుకున్నా మొత్తం 64,320 బైట్లు. ప్రాసెసర్ కాష్‌లో హాయిగా పడుతుంది. ఇలాంటి పట్టికలు రెండు ఉంటే ఇంకా మేలు: ఒకటి తెరమీద ఉండాల్సింది, రెండోది నిజంగా ఉన్నది. రెండూ పోల్చి, తేడా ఉన్న గడులనే గీయాలి. స్క్రోల్ అంటే మొదటి పట్టికలో తొలి వరస సూచిక ఒకటి జరపడమే. లాగ్‌లో కుడివైపు గడులు ఎక్కువగా ఖాళీయే కాబట్టి వాటి జోలికే వెళ్ళనక్కర్లేదు. సుమారు 16 మిల్లీసెకండ్లకోసారి పోల్చి గీస్తే, ఆ మధ్యలో 200 లైన్లు దూసుకొచ్చినా చివరి స్థితి ఒక్కటే గీస్తాం. మిణుకుమనే కర్సర్‌కి కూడా పాత రోజుల ఎక్స్‌ఆర్ చిట్కా (తెరమీదున్న పిక్సెళ్ళను తిరగేయడం) వాడకూడదు, దానికి ఫ్రేమ్‌బఫర్‌ను చదవాలి. ఆ గడినే రంగులు తారుమారు చేసి మళ్ళీ గీస్తే సరి.

ఎస్‌పీఐ తీగ మీద నడిచే చిన్న తెరలకు ఇదే పద్ధతి ఇంకా అవసరం. గుంట గట్టు మీద నీటిలో ఆక్సిజన్ కొలిచే పెట్టెకు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, ఐఎల్ఐ9341 చిప్‌తో నడిచే 320×240 తెర పెట్టారనుకోండి. పిక్సెల్‌కి 2 బైట్ల చొప్పున ఒక పూర్తి ఫ్రేము 1,53,600 బైట్లు. 32 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐ మీద అది వెళ్ళడానికి 38 మిల్లీసెకండ్లు పైనే. ఒక్క అంకె మారితే ఆ 8×16 ముక్క మాత్రం పంపడానికి కావాల్సింది 256 బైట్లు.

పైకి వెళ్ళిపోయిన పాత లైన్లను మళ్ళీ చూసుకునే స్క్రోల్‌బ్యాక్ సౌకర్యం కూడా కావాలనిపిస్తుంది. తొందరపడొద్దు. లినక్స్ కన్సోల్‌లో ఏళ్ళతరబడి ఉన్న సాఫ్ట్‌వేర్ స్క్రోల్‌బ్యాక్‌ను 2020లో 5.9 వెర్షన్ నాటికి తీసేశారు. అందులో భద్రతా లోపాలు బయటపడ్డాయి, చూసుకునే దిక్కు లేదు. పోయిందని బాధపడ్డవాళ్ళున్నారు, కానీ కెర్నెల్‌లో దిక్కులేని కోడ్ ఉండటంకన్నా అదే నయం.

తెర చేతులు మారేటప్పుడు

ఫర్మ్‌వేర్ ఫ్రేమ్‌బఫర్‌తో నడిచే డ్రైవర్ తాత్కాలికం. లినక్స్‌లో ఈ పని ఇదివరకు ఈఎఫ్ఐఎఫ్‌బీ అనే డ్రైవర్ చేసేది, 2021లో 5.14తో సింపుల్‌డీఆర్ఎం అనేది వచ్చింది. కాసేపటికి ఐ915 (ఇంటెల్), ఏఎండీజీపీయూ (ఏఎండీ) వంటి అసలు డ్రైవర్ లోడై, ముందున్నదాన్ని ఖాళీ చేయించి, హార్డ్‌వేర్‌ను తన అధీనంలోకి తెచ్చుకుంటుంది. తెర శాశ్వతంగా నల్లబడే ప్రమాదం సరిగ్గా ఇక్కడే. పాతదాన్ని గెంటేశాక, కొత్తదానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు డిస్క్‌లో లేదని తేలితే రెండూ లేనట్టే. అందుకే చిప్ నంబరు మనకు తెలిసినదేనా, ఫైళ్ళున్నాయా అన్న తనిఖీలన్నీ ముందే పూర్తిచేసి, ఇక వెనక్కి తిరగనక్కర్లేదని నమ్మకం కుదిరాకే పాతదాన్ని తీసేయాలి. బూట్ వరసలో నోమోడ్‌సెట్ (అసలు గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఆపే మాట) అని చేర్చినప్పుడు తెర తిరిగొస్తే అనుమానం ఈ అప్పగింత మీదే పెట్టుకోవచ్చు.

ఇంకో మూల కూడా ఉంది. కెర్నెల్ పీసీఐ వనరుల్ని మళ్ళీ పంచితే గ్రాఫిక్స్ కార్డు మెమరీ చిరునామా మారిపోవచ్చు. ఫర్మ్‌వేర్ చెప్పిన పాత చిరునామానే పట్టుకుని రాస్తూ ఉంటే ఆ రాతలు ఎక్కడికి పోతున్నాయో దేవుడికే ఎరుక. చిరునామా మారిందేమో కనిపెట్టే కోడ్ తప్పనిసరి.

లినక్స్‌లో కొత్తగా రాయదలచినవాళ్ళు పాత ఫ్రేమ్‌బఫర్ చట్రమైన ఎఫ్‌బీడెవ్‌కి డ్రైవర్ రాయబోకండి. కొత్తవాటిని తీసుకోవడం మానేసి చాలాకాలమైంది. నేటి గ్రాఫిక్స్ చట్రమైన డీఆర్ఎంకి డ్రైవర్ రాస్తే దాని మీద ఎఫ్‌బీడెవ్ ఎమ్యులేషన్, ఆ పైన టెక్స్ట్ కన్సోల్ గీసే ఎఫ్‌బీకాన్ వాటంతట అవే కూర్చుంటాయి. ప్లేన్, సీఆర్‌టీసీ, ఎన్‌కోడర్, కనెక్టర్ అన్న నాలుగు మాటలు (బొమ్మ తెరకు చేరే దారిలోని దశలు) మొదట్లో బెదిరిస్తాయి. స్థిరమైన ఒకే మోడ్ ఉన్న తెరకి నాలుగూ పేరుకే. సింపుల్‌డీఆర్ఎం సోర్సు చదివితే భయం పోతుంది.

చదివి నేర్చుకోవడానికి మాత్రం నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమే మేలు. అక్కడ డబ్ల్యూఎస్‌కాన్స్ అనే చట్రం ఉంది. దానికింద రాస్ఆప్స్ అనే భాగానికి మెమరీ మొదలు, స్ట్రైడ్, వెడల్పు, ఎత్తు, రంగు లోతు ఇస్తే గీసే పనంతా అదే చూసుకుంటుంది. హార్డ్‌వేర్‌లో ఏదైనా త్వరగా చేయగలిగితే ఆ ఒక్క ఫంక్షన్‌నే మనది పెట్టుకుంటాం. పైన చెప్పిన మూడు పనులూ అక్కడ విడివిడిగా కళ్ళకు కనబడతాయి. దాని దాయాది ఫ్రీబీఎస్‌డీ తన పాత కన్సోల్ డ్రైవర్ సిస్కాన్స్‌ను పక్కనబెట్టి వీటీ అనే కొత్తదానికి మారి, 11.0 నుంచి దాన్నే డిఫాల్ట్ చేసింది. అందులో అప్పగింతకి వాడిన ఉపాయం చాలా సూటిగా ఉంటుంది: ప్రతి డ్రైవర్‌కీ ఒక ప్రాధాన్య సంఖ్య, డమ్మీకి 10, సాధారణ డ్రైవర్‌కి 100, ప్రత్యేక హార్డ్‌వేర్ డ్రైవర్‌కి 1000. పెద్ద సంఖ్య వస్తే చిన్నది తప్పుకుంటుంది.

కెర్నెల్ పడిపోతున్నప్పుడు

పానిక్ వేళ, అంటే కెర్నెల్ ఇక నడవలేనని ఆగిపోయేటప్పుడు, నియమాలన్నీ మారిపోతాయి. మెమరీ అడగకూడదు, నిద్రపోకూడదు, ఇంటరప్ట్ కోసం ఎదురుచూడకూడదు. తెర లాక్ అప్పటికే ఇంకో కోర్ చేతిలో ఉండొచ్చు, ఆ కోర్ ఇక ఎప్పటికీ వదలకపోవచ్చు. కాబట్టి లాక్ దొరుకుతుందేమో ఒక్కసారి చూడాలి, దొరక్కపోతే ఆగి నిలబడకూడదు. 16 మిల్లీసెకండ్ల టైమర్ కూడా ఇప్పుడు పనికిరాదు. గీసేది అక్కడికక్కడే గీసేయాలి.

గ్రాఫికల్ డెస్క్‌టాప్ నడుస్తుండగా పానిక్ వస్తే ఇంకో చిక్కు. నేటి జీపీయూలు బొమ్మను వరసగా కాక టైళ్ళుగా, కొన్నిసార్లు కంప్రెస్ చేసి దాస్తాయి. అందులో మామూలు లెక్కతో రాస్తే తెరమీద చిత్తుకాగితమే. లినక్స్ 6.10లో, 2024లో, చేరిన డీఆర్ఎం పానిక్ ఈ సంగతి డ్రైవర్‌నే అడుగుతుంది: ఇప్పుడు తెరకి వెళ్తున్న బఫర్ ఏది, దాని ఫార్మాట్ ఏమిటి? డ్రైవర్ జవాబివ్వగలిగితే సందేశం గీస్తుంది. 6.12 నుంచి ఆ సందేశాన్ని క్యూఆర్ కోడ్‌గా కూడా చూపగలదు, ఫోన్‌తో స్కాన్ చేసుకోవచ్చు.

తెలుగు సంగతి

లినక్స్ టెక్స్ట్ కన్సోల్‌లో తెలుగు ఫైలు తెరిస్తే పెట్టెలో, ప్రశ్నార్థకాలో కనబడతాయి. ఫాంట్ పెడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. కన్సోల్ ఫాంట్‌కి 512 గ్లిఫ్‌ల పరిమితి. సుమారు 35 హల్లులకు ఒక్కోదానికి 16 రూపాల చొప్పున గుణింతమే సుమారు 560 అవుతుంది. ఒత్తుల మాట ఇంకా ఎత్తనే లేదు.

గడుల లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. ‘నెల్లూరు’లో కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌లో 8 కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 24 బైట్లు. యూనికోడ్ పట్టికలో ఎత్వం, గుడి, దీర్ఘం, పొల్లు చోటు తీసుకోని గుర్తులుగా ఉన్నాయి. కొమ్ము, కొమ్ముదీర్ఘం, సున్న చోటు తీసుకునేవిగా ఉన్నాయి. ఆ లెక్కన టెర్మినల్ ‘నెల్లూరు’కి 6 గడులిస్తుంది, ‘ఒంగోలు’కి 5, ‘కావలి’కి 3. మూడూ మూడక్షరాల ఊర్లే. 8 పిక్సెళ్ళ గడిలో ‘కా’ ఇరికిస్తే చదవగలిగేవాళ్ళుండరు. ఇటు ‘ల్లూ’ ఒక్క ముద్దకే 3 గడులు.

అక్షరాలను కూర్చే షేపింగ్ కెర్నెల్‌లో పెట్టాలన్న ఆలోచన మంచిది కాదు. ఫాంట్ ఫైల్‌లోని పట్టికల్ని నమ్మి నడిచే అంత పెద్ద కోడ్‌కి అన్ని హక్కులూ ఇచ్చినట్టవుతుంది. దాని చోటు కెర్నెల్ బయటి యూజర్‌స్పేస్: డీఆర్ఎం మీద నేరుగా నడిచే కేఎమ్ఎస్‌కాన్ తరహా టెర్మినల్, అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్, వాటిని బొమ్మగా మార్చే ఫ్రీటైప్ లైబ్రరీలు. కెర్నెల్ కన్సోల్ బాధ్యత ఇంతవరకే: యూటీఎఫ్-8ను తప్పులేకుండా విప్పడం, గ్లిఫ్ లేనిచోట ప్రత్యామ్నాయ గుర్తు వేయడం, గడుల లెక్కలో అప్లికేషన్‌తో విభేదించకపోవడం. ఈ చివరిది తప్పితే ఎడిటర్‌లో కర్సర్ ఒకచోట, అక్షరం మరోచోట పడుతుంది. పై మూడు ఊళ్ళ పేర్లూ, వాటికి తోడు ‘చీమకుర్తి’, ఒక ఫైల్లో పెట్టుకుంటే పరీక్షకి సరిపోతాయి.

పరీక్షకు ఎమ్యులేటర్ ఒక్కటే చాలదు. 1366×768 మానిటర్ ఒకటి, 1080 లైన్ల తెర ఒకటి, లెగసీ బూట్ అసలే లేని ల్యాప్‌టాప్ ఒకటి ఉండాలి. ఒంగోలులో రాసిన కోడ్‌ను కావలిలో ఒక స్నేహితుడు తన మెషీన్‌లో బూట్ చేసి ఫోటో పంపినా చాలు. వందల లైన్ల లాగ్ ఒక్కసారిగా వదిలి, ఎంత సేపు పట్టిందో సీరియల్‌లో కొలవాలి. ఎఫ్ కీలతో కన్సోళ్ళు మార్చి చూడాలి. గ్రాఫిక్స్ మోడ్ పెట్టుకున్న ప్రోగ్రాంను బలవంతంగా చంపి, టెక్స్ట్ తెర తిరిగొస్తుందో లేదో గమనించాలి. ముఖ్యమైన ఫైళ్ళేవీ లేని మెషీన్ మీద, కెర్నెల్‌కి అత్యవసర ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్లో రూట్‌గా ‘సీ’ అన్న ఇంగ్లిష్ అక్షరం రాస్తే కెర్నెల్ అక్కడే కూలుతుంది. పానిక్ సందేశం వచ్చేదీ రానిదీ అప్పుడు తేలుతుంది.

ప్యాచ్ (కోడ్ మార్పు) పంపేటప్పుడు మెషీన్ మోడల్, రెజల్యూషన్, స్ట్రైడ్, పిక్సెల్ ఫార్మాట్ కమిట్ సందేశంలోనే రాయండి. అవి లేకపోతే రివ్యూ చేసేవాళ్ళు మొదట అడిగేది వాటినే, ఒక వారం అక్కడే పోతుంది.